కూలి దాటాల్సిన సముద్రం: నైజీరియాలో ఇంటి నుంచి కొలువులు



ఈ ఉపన్యాసానికి ధర్మనిధిని మా కామర్సు మాస్టారి కుటుంబం నెలకొల్పింది. ఆ మాస్టారి పేరు నా వెనకాల బ్యానరు మీద ఉంది. పొగడ్తలంటే ఆయనకు చిరాకు కాబట్టి ఈ గంటసేపూ ‘మాస్టారు’ అని మాత్రమే అంటాను. మాకాయన బుక్ కీపింగు చెప్పారు. డెబిట్టు, క్రెడిట్టు బోర్డు మీద రాసేముందు ప్రతిసారీ ఓ ప్రశ్న వేసేవారు. “సరుకు పంపావు, బాగానే ఉంది. డబ్బు నీ చేతికి ఏ దారిన వస్తుంది? దారిలో ఎవరెవరు చెయ్యి పెడతారు?” జవాబు తెలియనివాణ్ణి బెంచీ ఎక్కించేవారు కాదు. బల్ల దగ్గరికి పిలిచి, జేబులోంచి ఓ పాత మనియార్డరు రసీదు తీసి, కమిషనెంతో, అది కట్టిందెవరో పైకి చదవమనేవారు. ఆ రసీదు నేనూ చదివాను. ముందు వరుసలో నవ్వుతున్న ఆయన పాత విద్యార్థుల్లో చాలామంది చదివే ఉంటారు.

ధర్మకర్తలు ఫోను చేసినప్పుడు సహకార బ్యాంకుల మీద మాట్లాడమంటారేమో అనుకున్నాను. “ఆఫ్రికాలో పనిచేసొచ్చావు కదా, అక్కడి కుర్రాళ్ళ సంగతి చెప్పు” అన్నారు. నేను నైజీరియాలో, లాగోస్‌లో, ఓ వర్తక సంస్థలో లెక్కలు చూసినవాణ్ణి. సాఫ్ట్‌వేరు నాకు రాదు. పద్దులు చదవడం మాత్రం వచ్చు. అందుకని ఈ సంగతిని పద్దు చదివినట్టే చదువుతాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంటర్నెట్టు వచ్చాక పనికి ఊరితో నిమిత్తం లేదన్న మాట మీరంతా వినే ఉంటారు. నైజీరియా కుర్రాళ్ళ పని ఊరు దాటింది, దేశమూ దాటింది. నిజమే. దాన్ని దాటించడానికి కరెంటు కావాలి, కేబులు కావాలి, బ్యాంకు కావాలి, నమ్మకం కావాలి. ఇదివరకు ఆ ఖర్చును కంపెనీలూ ప్రభుత్వాలూ పంచుకుని మోసేవి. అక్కడ ఇప్పుడది ఒక్కొక్క పనివాడి సొంత పద్దులోకి వచ్చి పడింది. దూరం తగ్గలేదు, దాని బిల్లు కట్టేవాడు మారాడు.

1. ఎందుకు ఎగబడ్డారు

ముందు వాళ్ళ లాభం చెప్పాలి. లాగోస్ సముద్రపు కయ్య చుట్టూ పెరిగిన ఊరు. జనం ఇళ్ళు ఎక్కువగా మెయిన్‌ల్యాండ్ వైపు, మంచి జీతాలిచ్చే ఆఫీసులు విక్టోరియా ఐలాండ్ వైపు. రెంటికీ మధ్య నీళ్ళ మీద 11 కిలోమీటర్లు దాటిన థర్డ్ మెయిన్‌ల్యాండ్ వంతెన. ఊరి శివారు ఇకొరోడులో ఉన్నవాడు తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చోవాలంటే చీకటుండగానే పసుపురంగు డాన్‌ఫో బస్సెక్కాలి. సాయంత్రం అదే పాట్లు తిరుగుదారిలో పడాలి. అలాంటివాడికి ఇంట్లో బల్ల ముందు కూర్చుని లండన్ పని చెయ్యొచ్చంటే అది చిన్న వరమేం కాదు. పైగా లాగోస్ గడియారం లండన్ కంటే చలికాలంలో గంట ముందుంటుంది, ఎండాకాలంలో రెండూ ఒకటే. అమెరికా కోసం రాత్రుళ్ళు మేలుకునే మన హైదరాబాదు పిల్లలకు ఆ సుఖం లేదు. ఇంగ్లీషు బడిలోనే వచ్చేస్తుంది, కోర్టుదీ కచేరీదీ అదే భాష.

వీటన్నిటికంటే పెద్ద కారణం డాలరు. 2023 మేలో అధికారిక లెక్కన డాలరుకు 460 నైరాల చిల్లర. జూన్‌లో కొత్త ప్రభుత్వం నైరాను బజారుకు వదిలేసింది. 2024 మొదట్లో అదే డాలరు 1,500 దగ్గరుంది. నెలకు 500 డాలర్లు తెచ్చుకునే కుర్రాడు ఒక్క అదనపు అక్షరం టైపు చెయ్యకుండానే మూడింతలు సంపాదిస్తున్నాడన్నమాట. దేశంలో కనీస వేతనం అప్పటికి నెలకు 30,000 నైరాలు. 2024 జులైలో దాన్ని 70,000 చేశారు. అంతలోనే తిండి ధరల పెరుగుదల ఏడాదికి 40 శాతం దాటింది. నైరా జీతంతో ఆ ఏడాది బియ్యం బస్తా కొన్నవాళ్ళ మొహాలు నాకు గుర్తే. ఎగబడక ఏం చేస్తారు?

దీనికి పునాది వేసినవాళ్ళు కొందరున్నారు. లాగోస్‌లోని యాబా పేటలో 2011లో తలుపులు తెరిచిన కో-క్రియేషన్ హబ్, సాంకేతిక పని చేసే కుర్రాళ్ళు కలిసి కూర్చుని పనిచేసుకునే చోటు, వాటిలో ముఖ్యమైనది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన బోసున్ టిజానీ 2023లో ఈ సాంకేతిక రంగాన్ని చూసే శాఖకే మంత్రి అయ్యారు. 30 లక్షల మందికి సాంకేతిక శిక్షణ అని పెద్ద పథకం పెట్టారు. శిక్షణ మంచిదే. అయితే 2014లో లాగోస్‌లో మొదలైన ఆండెలా కథ ఇక్కడ చెప్పాలి. ఆ సంస్థ కుర్రాళ్ళకు తర్ఫీదు ఇచ్చి, విదేశీ కంపెనీల తరఫున కూర్చోబెట్టి పనిచేయించేది. కరెంటు వాళ్ళదే, నెట్టు వాళ్ళదే, జీతం నెలనెలా వాళ్ళే ఇచ్చేవారు. 2019లో అనుభవం తక్కువున్న వందలమందిని ఒక్కసారిగా పంపేసింది. బయటి కంపెనీలకు చెయ్యి తిరిగినవాళ్ళే కావాలిట, నేర్చుకుంటున్నవాళ్ళు అక్కర్లేదుట. తర్వాత క్యాంపస్‌లు కూడా తీసేసి ఎవరింటి నుంచి వాళ్ళు చేసుకోవాలన్న పద్ధతికి వచ్చింది. నేను చెబుతున్న బిల్లు చేతులు మారింది అలాంటి చోటే.

2. కరెంటు పద్దు

మన తెలంగాణలో కరెంటు వాడకం 2023 మార్చిలో 15,000 మెగావాట్లు దాటిందని పేపర్లలో చదివారు. నాలుగు కోట్ల జనాభా. నైజీరియాలో 20 కోట్లకు పైగా జనం. వాళ్ళ గ్రిడ్డు మోసేది మామూలు రోజున 4,000 నుంచి 5,000 మెగావాట్లు. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే ఇక నేను చెప్పేదేం ఉండదు. 2024లో ఆ గ్రిడ్డు పది సార్లకు తక్కువ కాకుండా కుప్పకూలింది.

పాత ప్రభుత్వ విద్యుత్ సంస్థ పేరు నెపా. అది పోయి ఇరవై ఏళ్ళయింది. దాని స్థానంలో వచ్చిన సంస్థను కూడా ముక్కలుచేసి, వాటిలో చాలావాటిని 2013లో ప్రైవేటుకు అమ్మేశారు. కరెంటొస్తే ఇప్పటికీ వీధి వీధంతా “అప్ నెపా!” అని ఒక్క కేక పెడుతుంది. పసిపిల్లల నుంచి ముసలాళ్ళ దాకా. మొదటిసారి విన్నప్పుడు ఫుట్‌బాల్ గోలు పడిందనుకున్నాను.

మేమున్న మేడలో, మాకు కింద వాటాలో, ఒక అబ్బాయి ఉండేవాడు. ఇంగ్లండులోని చిన్న దుకాణాలకు వెబ్‌సైటు బొమ్మలు, లోగోలు చేసిపెట్టేవాడు. వాడి బాల్కనీలో ఓ చిన్న జనరేటరు. చేత్తో ఎత్తుకుపోయేంతది. ఆ రకానికి ఊళ్ళో ‘ఐ బెటర్ పాస్ మై నైబర్’ అని ముద్దుపేరు, పక్కింటివాడికంటే నేనే నయమని! పెట్రోల్లో ఇంజనాయిలు పాలు కలిపి పొయ్యాలి. పాలు తప్పితే పొగ. వాడు నీళ్ళ సీసాకు పెన్నుతో గీత గీసుకుని కొలిచేవాడు. స్టార్టరు తాడు రెండు మూడుసార్లు లాగాక ఇంజను అందుకుంటుంది. దాని మీద ఫ్రిజ్ నడవదు. అందుకని వరుస పెట్టుకున్నాడు. ముందు ఫోను ఛార్జింగు, నెట్టు దాన్లోంచే రావాలి కాబట్టి. తర్వాత ల్యాప్‌టాపు. ఆపైన పవర్ బ్యాంకు, ఆఖరికి బల్బు. క్లయింటుతో వీడియో కాల్ ఉంటే జనరేటరు ఆపేసి బ్యాటరీ మీదే మాట్లాడాలి. లేకపోతే అవతలివాడికి ఈ మోత వినపడి, ఇతనెక్కడో మిల్లులో కూర్చున్నాడనుకుంటాడు. బ్యాటరీ గంటన్నర వస్తుందని తెలుసు కనక కాల్ గంట దాటితే వాడి మొహం మారిపోయేది. ఆ ఇంగ్లండు దుకాణదారుకు ఇదంతా ఏం తెలుసు? తెలియాల్సిన అవసరం కూడా లేదన్నదే ఈ ఏర్పాటులో ఉన్న సంగతి.

2023 మే 29న కొత్త అధ్యక్షుడు టినుబు ప్రమాణస్వీకారం రోజునే పెట్రోలు సబ్సిడీ పోయిందని ప్రకటించారు. లీటరు 200 నైరాల లోపున్నది కొద్ది రోజుల్లో 500 అటూ ఇటూ అయింది. 2024 చివరికి వెయ్యిని తాకింది. డాలరు వల్ల మూడింతలైన సంపాదన అన్నాను కదా, పెట్రోలు ఐదింతలైంది. 2024 ఏప్రిల్లో, రోజుకు 20 గంటలు కరెంటు ఇస్తామన్న పేటలకు ‘బ్యాండ్ ఎ’ అని పేరు పెట్టి, 68 నైరాలున్న యూనిట్టును 225 చేశారు. అప్పట్నుంచి కుర్రాళ్ళు ఇల్లు వెతుక్కునేటప్పుడు అద్దెతోపాటు ఏ బ్యాండో అడగడం మొదలుపెట్టారు. ఉన్నవాళ్ళు సోలారు పలకలూ ఇన్వర్టరూ పెట్టుకున్నారు. మా కింద వాటా అబ్బాయి అప్పుచేసి ఓ పలక కొని, మేడ మీద పెట్టి, కిందున్న దర్జీకి ఒక తీగ లాగి నెలకింతని తీసుకునేవాడు. డిజైనరుగా వచ్చినవాడు చిన్న కరెంటు కంపెనీ అయ్యాడు!

పొగ సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. మూసిన గదుల్లో, వరండాల్లో జనరేటరు పెట్టుకుని నిద్రలో చచ్చిపోయినవాళ్ళ వార్తలు అక్కడి పేపర్లలో మామూలు. రాత్రి పని చేసేవాళ్ళకు ఆ భయం ఉంటుంది.

3. తీగ పద్దు

ఇది చిన్నది. 2024 మార్చి 14న పడమటి ఆఫ్రికా తీరంలో, అబిజాన్‌కు దగ్గర సముద్రంలో, నాలుగు కేబుళ్ళు ఒక్కసారిగా దెబ్బతిన్నాయి. మెయిన్ వన్, డబ్ల్యూఏసీఎస్, ఏస్, శాట్-3. నీళ్ళ అడుగున నేల కదిలిందన్నారు. నైజీరియాలో బ్యాంకుల యాప్‌లు పడుకున్నాయి, పూర్తిగా బాగుచేయడానికి వారాలు పట్టింది. వీటిలో శాట్-3 మనకు చుట్టమే. అది దక్షిణాఫ్రికా దగ్గర ఇంకో తీగతో కలిసి, హిందూ మహాసముద్రం దాటి, మన కొచ్చిన్లో ఒడ్డుకెక్కుతుంది. అక్కడి కుర్రాళ్ళ సిమ్ కూడా చాలాసార్లు మన ఎయిర్‌టెల్‌దే. భారతి వాళ్ళు 2010లో ఆఫ్రికా వ్యాపారం కొన్నారు.

ఆఫీసైతే రెండు మూడు కంపెనీల నుంచి నెట్టు పెట్టుకుంటుంది, ఒకటి పోతే ఇంకోటి. ఒంటరి మనిషి అదే పని రెండు ఫోన్లతో చేస్తాడు, రెండు డేటా ప్యాకులు కొంటాడు. 2025 జనవరిలో టెలికాం కంపెనీలు రేట్లు 50 శాతం దాకా పెంచుకోవచ్చని అక్కడి నియంత్రణ సంస్థ ఒప్పుకుంది. స్టార్‌లింక్ ఆఫ్రికా మొత్తమ్మీద ముందొచ్చింది నైజీరియాకే, 2023లో. దాని డబ్బా కొనే స్తోమత ఎందరికుందన్నది వేరే లెక్క.

తీగ బాగానే ఉన్నా తెగ్గొట్టే చేతులు ఇంకొన్ని ఉంటాయి. 2021 జూన్ నుంచి ఏడు నెలలపాటు ప్రభుత్వం ట్విట్టరును నిషేధించింది. అక్కడ ఫ్రీలాన్సర్లు పని పట్టుకునే సంత అదే. ఏడు నెలలు సంతకు దొడ్డిదారిన వెళ్ళారు.

4. కూలి పద్దు

మాస్టారి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. కాస్త ఓపిక పట్టండి.

పని పూర్తయింది. దుకాణదారు డబ్బు ఇస్తానన్నాడు. ఎలా? ప్రపంచంలో కోట్లమంది వాడే పేపాల్ నైజీరియాలో 2014లో అడుగుపెట్టింది. ఆ ఖాతాతో నైజీరియావాడు డబ్బు కట్టగలిగేవాడు, అందుకోవడానికి వీలుండేది కాదు. పదేళ్ళు దాటేదాకా అదే తీరు. అంటే కొనుగోలుదారుగా నువ్వు నమ్మకస్తుడివి, పనివాడిగా కాదు! ఇందుకు కారణం అందరికీ తెలిసిందే. ఉత్తరాలతో మొదలై ఈమెయిళ్ళదాకా వచ్చిన మోసాలు, ఆ దేశపు నేరస్మృతిలోని సెక్షను నంబరుతో ప్రపంచమంతా ‘419’ అని పిలిచేవి. మనలో కొందరికి కూడా ఏ రాజకుమారుడి కోట్లో వస్తాయని ఉత్తరం వచ్చే ఉంటుంది. ఆ మోసగాళ్ళు చేసిన అప్పు ఇప్పుడు లోగోలు గీసుకునేవాడు తీరుస్తున్నాడు.

ఇక ఫైవర్ లాంటి వేదిక ద్వారా పని వచ్చిందనుకుందాం. నూరు డాలర్ల పనికి ఇరవై వేదికకు పోతాయి. మిగిలిన ఎనభై కొత్తవాడి చేతికి రావడానికి మామూలుగా 14 రోజులు ఆపుతారు. ఆ ఎనభైని పయొనీర్ లాంటి ఖాతాలోకి రప్పించుకుంటే అక్కడో కోత. అక్కణ్ణించి నైరాల్లోకి మారుస్తే బజారు రేటుకూ వాళ్ళిచ్చే రేటుకూ మధ్య తేడా ఇంకో కోత. ఈ ఆఖరి కోత రసీదులో కనపడదు. అప్‌వర్క్‌లో అయితే పనికి దరఖాస్తు పెట్టడానికే ‘కనెక్ట్స్’ అని టోకెన్లు కొనుక్కోవాలి. పని దొరికినా దొరక్కపోయినా ఆ డబ్బు పోయినట్టే. మా కింద వాటా అబ్బాయి ఒకసారి ఫోన్లో క్యాలిక్యులేటరు తెరిచి, కోతలన్నీ వరుసగా నాకు చూపించాడు. ఆఖరి అంకె దగ్గర ఆగి, “ఇందులోంచే అంకుల్, పెట్రోలు” అన్నాడు.

అందుకే పక్కదారులు పుట్టాయి. లండన్లో పిన్ని కొడుకు ఖాతాలోకి వేయించుకోవడం ఒకటి, దాంట్లో చుట్టరికమే హామీపత్రం. ఇంకోటి క్రిప్టో. 2021 ఫిబ్రవరిలో కేంద్ర బ్యాంకు క్రిప్టో ఖాతాలు మూసెయ్యమని బ్యాంకులను ఆదేశించింది. జనం మనిషికీ మనిషికీ మధ్య నేరుగా అమ్ముకోవడానికి దిగారు. 2023 డిసెంబరులో అదే కేంద్ర బ్యాంకు ఆ ఆంక్ష సడలించింది. రెండు నెలలు దాటగానే నైరా పతనానికి క్రిప్టో మారకపు కంపెనీ బైనాన్స్ కారణమంటూ దాని అధికారులిద్దరిని నిర్బంధించారు, మార్చిలో బైనాన్స్ నైరా వ్యాపారం మానుకుంది. ఈ మూడేళ్ళలో నియమాలు చదివి నడుచుకుందామనుకున్నవాడు ఏం నడుచుకోవాలో మీరే చెప్పండి. మెచ్చుకోదగ్గది ఒకటుంది. గ్రే, రేనెస్ట్ లాంటి అక్కడి కుర్రాళ్ళ కంపెనీలే విదేశీ ఖాతా నంబర్లు ఇప్పించి ఈ దారిని కొంత సాఫుచేశాయి. బాధ తెలిసినవాళ్ళు కట్టిన వంతెనలవి.

నమ్మకం కొరత పరదేశంలోనే కాదు, సొంత వీధిలోనూ ఉంది. చేతిలో ల్యాప్‌టాపు, ఒంటి మీద మంచి చొక్కా ఉన్న కుర్రాడు పోలీసుల కళ్ళకు ‘యాహూ బాయ్’, అంటే నెట్టు మోసగాడు. సార్స్ అనే దోపిడీ నిరోధక దళం అలాంటివాళ్ళను దారిలో ఆపి, ఫోను తెరిపించి, బ్యాంకు నిల్వ చూసి, ఏటీఎం దాకా నడిపించుకెళ్ళిన ఉదంతాలు అనేకం బయటికొచ్చాయి. 2020 అక్టోబరులో ఆ దళాన్ని రద్దుచెయ్యాలన్న ఉద్యమంతో దేశం అట్టుడికింది. దళాన్ని రద్దుచేశామన్నారు. అక్టోబరు 20 రాత్రి లెక్కీ టోల్‌గేటు దగ్గర సైన్యం కాల్పులు జరిపింది. ఆ ఉద్యమంలో ముందు నిలిచినవాళ్ళలో ఈ ల్యాప్‌టాపు పిల్లలు చాలామంది. పని ఇంటి నుంచి చెయ్యొచ్చు, ఇంటి గడప బయట ఉండేది మాత్రం అదే రాజ్యం.

5. మన పద్దులో ఏముంది

“మన పిల్లలూ ఇలాగే పైకొచ్చారు కదా, వాళ్ళకేం?” అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదండీ. మనవాళ్ళ తెలివితేటలు తక్కువ చెయ్యడం లేదు. కానీ 1991లో కేంద్రం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు పెట్టినప్పుడు, ఉపగ్రహం ద్వారా విదేశాలకు డేటా లింకు ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. చిన్న కంపెనీ అద్దె కట్టి వాడుకుంది. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు డీజిల్ జనరేటర్లు భవనానివి. ఇంజనీరు తన బల్ల కింద పెట్రోలు సీసా పెట్టుకోలేదు. అమెరికా నుంచి డాలర్లు రప్పించే తలనొప్పి కంపెనీ అకౌంట్సు వాళ్ళది, అంటే నాలాంటివాళ్ళది. ఎగుమతి లాభం మీద 2011 మార్చి దాకా ఆదాయపు పన్ను మినహాయింపు. ఉద్యోగికి ఒకటో తారీఖున రూపాయల్లో జీతం.

ఆ ఏర్పాటులో అన్యాయాలు లేకపోలేదు. అమెరికా వాడు ఇచ్చేదానికీ ఇంజనీరుకు అందేదానికీ మధ్య ఎంత మిగిలేదో, ఆ పుస్తకాలు చూసినవాణ్ణి, నాకు తెలుసు. కానీ దూరం ఖర్చు పదిమంది మీదా పంచారు. లాగోస్ కుర్రాడికి ఆ మధ్యవర్తి లేడని సంబరపడేవాళ్ళు, మధ్యవర్తి మోసిన బరువు ఎవరి భుజం మీదికొచ్చిందో చూడటం లేదు. ఇప్పుడు మన గుంటూరు, వరంగల్ పిల్లలు కూడా అవే వేదికల మీద, అదే పనికి, అదే కుర్రాడితో పోటీగా ధర కోట్ చేస్తున్నారు. మనవాడు రెండు డాలర్లు తగ్గించగలిగితే అందులో మనకు కరెంటిచ్చే డిస్కముల పాలు ఎంతో, ప్రతిభ పాలు ఎంతో విడదీసి చూడాలి.

కాబట్టి నైజీరియాలో 30 లక్షల మందికి శిక్షణ అంటే నాకు కంగారు. బయట బేరాలు పెరక్కుండా లోపల పనివాళ్ళు పెరిగితే ధర పడుతుంది. అదే డబ్బులో కొంతైనా పెట్టి పేటకొక గది, రోజంతా కరెంటు, రెండు తీగలు, వీలైతే కూలి రప్పించే సహకార సంఘం పెట్టవచ్చు. యాబాలో ఒకచోట జరిగింది ఇకొరోడులో ఎందుకు జరక్కూడదు? సహకార సంఘమంటే నవ్వకండి. నైజీరియా ఆఫీసుల్లో పొదుపు సంఘాలు బాగా నడుస్తాయి, మనకంటే బాగా.

6. పన్ను

ఇక చివరి పద్దు. 2025 జూన్‌లో సంతకమైన నైజీరియా కొత్త పన్ను చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాదికి 8 లక్షల నైరాల దాకా పన్ను లేదు, పై శ్లాబు 25 శాతం. దేశంలో ఉండి విదేశీ యజమానికి పనిచేసేవాడి సంపాదన కూడా పన్ను కిందికి వస్తుందని గట్టిగా చెప్పింది. తప్పేం లేదు, సంపాదించినవాడు పన్ను కట్టాలి. పేదవాణ్ణి వదిలేసిన మేరకు చట్టం మంచిదే.

నా తగువు ఖర్చు రాసుకునే చోట. వ్యాపార ఖర్చు తీసేసుకోవచ్చంటే రసీదు కావాలి. బంకులో క్యానుతో పట్టించుకున్న పెట్రోలుకు రసీదు ఇచ్చినవాణ్ణి లాగోస్‌లో నేను చూడలేదు. దర్జీకి తీగ లాగినందుకు వచ్చిన డబ్బు ఆదాయమే. ఆ పలక మీద అప్పు, పిన్ని కొడుకు ఖాతా మీదుగా తిరిగి రావడంలో పోయింది, కనపడని మారకపు కోత, ఇవన్నీ ఏ కాగితం మీదా ఉండవు. ప్రభుత్వం ఇవ్వని కరెంటును కొనుక్కోవడానికి పెట్టిన డబ్బు మీద అదే ప్రభుత్వం పన్ను వసూలు చేసే ప్రమాదం ఉంది.

మన ఆదాయపు పన్నులో 2016 బడ్జెట్టుతో 44ఏడీఏ అని ఒక సెక్షను వచ్చింది. చిన్న వృత్తిదారులు కొందరు పుస్తకాలు రాయకుండానే, వచ్చిన డబ్బులో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు. తతిమ్మా సగం ఖర్చయిందని చట్టమే ఒప్పుకుంటుంది. హైదరాబాదులో కరెంటు పోనివాడికే సగం ఒప్పుకున్నప్పుడు, లాగోస్‌లో ఎంత ఒప్పుకోవాలి? నన్నడిగితే అరవై శాతం దగ్గర బేరం మొదలుపెడతాను. ఇది ఎక్కువంటారో తక్కువంటారో, ఆడిటర్లు నలుగురైదుగురు ఈ సభలో ఉన్నారు, వాళ్ళు చెప్పాలి. మైకు అటు పంపించండి.